జ్ఞాకారమూ, బీటా ప్రతీ



కొత్త నిర్వహణ వ్యవస్థ ఏదైనా తుదిరూపం దాల్చి బజారులోకి రాకముందే, దాని ముందస్తు ప్రతిని, అనగా బీటా అని వాడుకలో స్థిరపడినదానిని, మన యంత్రంలోకి ఎక్కించుకోవచ్చునా కూడదా అని అడిగితే లోకం ఒకే సమాధానం చెబుతుంది. తొందరపడవద్దు, పదిమంది వాడిన తరువాత చూద్దువుగాని అని. ఈ సలహా చాలవరకు సబబైనదే. అయితే 2018 ఫిబ్రవరిలో కొద్ది దినాలపాటు ఇది తలక్రిందులైంది. పూర్తయినదని విడుదల చేసిన ప్రతిని వాడుతున్నవారి ఐఫోనులు కుప్పకూలాయి. ఇంకా పూర్తికాలేదని హెచ్చరించి ఇచ్చిన ప్రతిని వాడుతున్నవారి ఫోనులు నిక్షేపంగా పనిచేశాయి. రెంటికీ మధ్య నిలిచింది మన తెలుగు లిపి. అప్పట్లో పత్రికలు దీనిని రెండు రోజుల వింతగా వ్రాసి వదిలేశాయి. మన భాష పేరు అంతగా మారుమ్రోగిన ఘట్టం గనుక దీని పూర్వాపరాలను ఒకచోట వ్రాసి పెట్టడం న్యాయమనిపించింది.

ముందుగా తేదీలు. ఆపిల్ సంస్థ ఐఓఎస్ 11.2.5 అనే ప్రతిని 2018 జనవరి 23న విడుదల చేసింది. మరునాడే, జనవరి 24న, రాబోయే 11.3కు మొదటి బీటాను అభివృద్ధికారుల చేతికిచ్చింది. ఆ వెంటనే ఆసక్తి ఉన్న సామాన్యులకు కూడా దాని బహిరంగ బీటాను అందుబాటులో ఉంచింది. ఫిబ్రవరి నడిమికి వచ్చేసరికి, 'జ్ఞా' అన్న తెలుగు అక్షరం ఒక ప్రత్యేక కూర్పులో ఫోను తెరపైకి వస్తే చాలు, దానిని చూపబోయిన అప్లికేషను కూలిపోతున్నదని తేలింది. ఫిబ్రవరి 15 నాటికి ఈ వార్త ప్రపంచమంతా వ్యాపించింది. మెసేజెస్, వాట్సాప్, ఫేస్‌బుక్ మెసెంజర్, జీమెయిల్ వంటివన్నీ ఆ అక్షరం ముందు నిలువలేకపోయాయి. అంతకంటె విషమమైన సంగతి మరొకటి ఉన్నది. అదే అక్షరం తెరపై సూచనగా, అంటే నోటిఫికేషనుగా, దిగితే ఫోను ముఖద్వారాన్ని నడిపే స్ప్రింగ్‌బోర్డు అనే మూలభాగమే కూలిపోయేది. మళ్ళీ లేచి ఆ సూచననే చూపబోయి మళ్ళీ కూలేది. కొందరి ఫోనులు ఈ చక్రంలో చిక్కుకొని బయటపడలేకపోయాయి. మ్యాక్ సంగణకాలకూ, ఆపిల్ చేతిగడియారాలకూ, టీవీ పెట్టెలకూ ఇదే దోషం ఉండినది. ఆకతాయిలు కొందరు ట్విట్టరులో తమ పేరు పక్కన ఆ అక్షరాన్ని తగిలించుకొని, తమ వ్రాతలు చూచినవారి ఫోనులను కూలగొట్టే వినోదానికి దిగారు.

ఆపిల్ ఫిబ్రవరి 19న ఐఓఎస్ 11.2.6ను, దానితోపాటు మ్యాకుకు, గడియారానికి, టీవీ పెట్టెకు సవరణలను వెలువరించి ఈ ముచ్చటను ముగించింది. హైదరాబాదులో ప్రపంచ తెలుగు మహాసభలు 2017 డిసెంబరు 15 నుండి 19 వరకు జరిగి అప్పటికి సరిగ్గా రెండు నెలలు. అంతర్జాతీయ మాతృభాషా దినోత్సవానికి ఇంకా రెండు దినాలు. భాషకు ప్రచారం కోరుకున్నాం గాని ఇటువంటి ప్రచారాన్ని ఎవరు ఊహిస్తారు!

ఇక అక్షరం సంగతి. ఆంగ్ల పత్రికలన్నీ దీనిని 'ఒక తెలుగు అక్షరం' అని వ్రాశాయి. కంటికి కనబడేది ఒకటే కావచ్చు, యంత్రానికి మాత్రం అవి ఐదు సంకేతాలు. జకారం, దాని వెనుక పొల్లు, ఆ పైన ఞకారం, తరువాత కంటికి కనబడని ఒక సంకేతం, చివర దీర్ఘం. ఆ కనబడనిదాని పేరు జీరో విడ్త్ నాన్ జాయినర్. లేఖినిలో తెలుగు వ్రాసిన మనవారికి ఇది కొత్త కాదు. 'సాఫ్ట్‌వేర్' అని వ్రాసేటప్పుడు వకారం టకారం క్రిందికి వత్తుగా దిగిపోకుండా మధ్యలో టోపీ గుర్తు కొట్టేవాళ్ళం గదా, ఆ గుర్తు చొప్పించేది దీనినే. దీనికి వెడల్పు లేదు, రూపం లేదు. పక్కపక్కనున్న రెండు హల్లులను కలియనీయకుండా ఆపడమే దీని పని. దాని న్యాయమైన స్థానం పొల్లు తరువాత. 'జ్ఞా'లో మాత్రం అది వత్తుకూ దీర్ఘానికీ నడుమ, ఏ పనీ లేని చోట వచ్చి కూర్చున్నది. ఆపిల్ యంత్రాలలో లిపిని కూర్చిపెట్టే కోర్ టెక్స్ట్ అనే భాగం, పనిలేని ఈ అతిథిని ఎక్కడ కూర్చోబెట్టాలో తెలియక తానే కూలబడింది. దీర్ఘాన్ని ముందరి హల్లుకు చేర్చాలా, విడిగా నిలపాలా అన్న మీమాంస అని స్థూలంగా చెప్పుకోవచ్చు. అదృశ్య సంకేతం లేని మామూలు 'జ్ఞా' ఎవరి ఫోనునూ కూల్చలేదు. జ్ఞానం, జ్ఞాపకం, విజ్ఞానం అని శుద్ధంగా వ్రాసిన తెలుగువాడు ఎవరికీ హాని చేయలేదు. ఈ భేదం నాటి వార్తలలో చాలవరకు కనబడదు.

అప్పుడు మొజిల్లాలో పనిచేస్తుండిన మనీష్ గోరెగావ్‌కర్ ఫిబ్రవరి 15ననే ఈ దోషాన్ని విడదీసి చూపించాడు. ఇది జ్ఞాకు మాత్రమే పరిమితం కాదు. హల్లు, పొల్లు, మరొక హల్లు, అదృశ్య సంకేతం, అచ్చు గుర్తు అనే ఐదింటి వరుస ఏదైనా సరే కూల్చగలదు. దేవనాగరిలో రెండవ హల్లు రకారమైతేనే, బెంగాలీలో రకారమో యకారమో అయితేనే ప్రమాదం. తెలుగులోనైతే రెండవ హల్లు ఏదైనా చాలు. కారణం మన లిపి స్వభావంలోనే ఉన్నది. దేవనాగరిలో సంయుక్తాక్షరం వ్రాయాలంటే సామాన్యంగా మొదటి హల్లును సగానికి కోసి రెండవదానికి అతికిస్తారు. మన పద్ధతి దానికి విపర్యయం. మొదటి హల్లు నిండుగా నిలబడుతుంది, రెండవది వత్తుగా మారి క్రిందికో పక్కకో చేరుతుంది. తెలుగు హల్లులన్నింటికీ వత్తు రూపం ఉన్నది గనుక తలుపులన్నీ తెరిచే ఉన్నాయి.

ఒక్క అచ్చు గుర్తు మాత్రం ఈ గండం నుండి తప్పించుకున్నది. అది ఐత్వం. 'కై' అని వ్రాసినప్పుడు పైన ఎత్వమూ క్రింద మరొక గుర్తూ, మొత్తం రెండు ముక్కలు వస్తాయి. యూనికోడు కూడా ఐత్వాన్ని రెండు సంకేతాల కూడికగా నిర్వచించింది. రెండు ముక్కల గుర్తుకు యంత్రం వేరొక దారిన నడుస్తుంది గనుక అది ఆ గుంటలో పడలేదు. చిన్నప్పుడు పలకమీద ఐత్వం దిద్దలేక దెబ్బలు తిన్నవారికి ఈ సమాచారం కొంత ఊరటనిస్తుందేమో!

పాపం ఞకారానిది మరీ అన్యాయమైన అపకీర్తి. పరవస్తు చిన్నయసూరి 1858 నాటి బాలవ్యాకరణంలో తెలుగు వర్ణాలు ముప్పదియారని లెక్కించాడు. ఆ ముప్పదియారింటిలో ఞకారం లేదు. సంస్కృత సమాలతో కూడి తెలుగులో వాడుకకు వచ్చే వర్ణాలలో ఆయన దానిని చేర్చాడు. జ్ఞా అన్నది 'ఎరుగుట' అనే అర్థంలో సంస్కృత ధాతువు. మనం పలికేటప్పుడు జకారమూ ఉండదు, ఞకారమూ ఉండదు, గకారానికి నకారం చేర్చి లాగిస్తాం. సూరిగారి లెక్క ప్రకారం తెలుగు వర్ణమే కానిది, తెలుగువాడు వ్రాసినట్లు పలకనిది, 'తెలుగు బగ్' అన్న పేరుతో ఖండాంతరాలకు ఎక్కింది.

ఇప్పుడు అసలు సమస్యకు వద్దాం. ఫిబ్రవరి 15కూ 19కీ నడుమ ఐఫోను చేతిలో ఉన్న తెలుగువాడు ఏమి చేయాలి? ఆ సమయంలో తెలిసిన ఒకే ఒక్క నిశ్చితమైన మందు 11.3 బీటా. అందులో ఈ దోషం లేదని పరీక్షించినవారు చెప్పారు. తక్కినవన్నీ ఉపశాంతులు. మరొకరిచేత ఇంకొక సందేశం పంపించుకొని, ఆ సందులో లోపలికి వెళ్ళి దోషపు సంభాషణను చెరిపివేయడం వంటివి. సవరణ త్వరలో వస్తుందని ఆపిల్ చెప్పింది గాని, ఏ దినాన వస్తుందో వాడుకరికి తెలియదు.

బీటా ఎక్కించడం శ్రమ కాదు, రొక్కమూ అక్కరలేదు. అప్పట్లో తన ఆపిల్ ఖాతాతో పేరు నమోదు చేసికొని, వారిచ్చే ఒక చిన్న ప్రొఫైలును ఫోనులో చేర్చుకుంటే, మామూలు నవీకరణలాగానే దిగేది. కష్టమంతా వెనుకకు రావడంలోనే ఉన్నది. బీటా నచ్చక పాత ప్రతికి తిరిగి రావాలంటే ఫోనును పూర్తిగా తుడిచివేయాలి. బీటాలో ఉండగా తీసిన బ్యాకప్పు పాత ప్రతిలోకి ఎక్కదు. కనుక ముందుగానే సంగణకంలో ఒక బ్యాకప్పు తీసి, తరువాతివి దానిని మింగివేయకుండా వేరుగా భద్రపరచాలి. ఆ తరువాత బీటాలో గడిపిన దినాల ఫోటోలూ, సందేశాలూ తిరుగుప్రయాణంలో పోతాయి. బ్యాంకు పనులకు వాడే అప్లికేషన్లు బీటా మీద మొరాయించవచ్చు. ఒక్కటే ఫోను ఉన్నవాడికి ఇది చిన్న నిర్ణయం కాదు.

నా అభిప్రాయం అడిగితే, ఫోను కూలుడు చక్రంలో చిక్కుకొన్నవాడు బీటా ఎక్కించుకోవడం ముమ్మాటికీ సరియైన పని. వాడికి పోయేదేమీ మిగలలేదు. ఫోను బాగానే ఉండి భయం మాత్రమే ఉన్నవాడు ఆగవలసింది, నాలుగు దినాలలో 11.2.6 వచ్చింది గదా. అయితే ఇది ఇప్పుడు తేదీలు ముందుంచుకొని చెప్పే మాట. ఆనాడు ఆ నాలుగు దినాలు నాలుగు వారాలు కావని హామీ ఏదీ లేదు.

ఇంతకంటె లోతైన చిక్కు ఒకటి ఉన్నది. మందు బీటాలో ఉన్నదంటే అర్థమేమిటి? రచ్చ పుట్టకముందే, జనవరి చివరిలో బయటికి వచ్చిన శాఖలో ఆ భాగం ఎట్లానో మారిపోయి ఉన్నదన్నమాట. తెలిసి సవరించారా, వేరే పనిలో అది సరిపడిపోయిందా అన్నది లోపలివారి సంగతి. ఎట్లయినా, మామూలుగా జరిగి ఉంటే ఆ మార్పు సామాన్యుడికి 11.3తోపాటు అందేది, అది విడుదలైనది మార్చి 29న. గోల పుట్టబట్టి ఫిబ్రవరి 19ననే అందింది.

ఇది తెలుగుకు మాత్రమే జరిగినదనుకుంటే పొరపాటు. 2013 ఆగస్టులో అరబ్బీ అక్షరాల వరుస ఒకటి ఐఓఎస్ 6నూ, అప్పటి మ్యాకు వ్యవస్థనూ ఇదే విధంగా కూల్చింది. అప్పుడు బీటాలో ఉన్న ఐఓఎస్ 7 దానికి చలించలేదు. 2015 మేలో ఆంగ్లమూ, అరబ్బీ, దేవనాగరి, చీనా అక్షరాలూ కలగలిసిన సందేశమొకటి ఐఫోనులను పడగొట్టింది. దానికి తుది సవరణ జూను 30న ఐఓఎస్ 8.4తో వచ్చింది. 2020 ఏప్రిలులో ఇటలీ జెండా బొమ్మ పక్కన సింధీ అక్షరాలు చేరిన సందేశం వంతు. అప్పుడు కూడా 13.4.5 అనే బీటా వాడుతున్నవారు క్షేమంగా ఉన్నారు, తక్కినవారు మే నెలలో 13.5 వచ్చేవరకు ఆగారు. అరబ్బీ, తెలుగు, సింధీ మూడుసార్లూ ముందస్తు ప్రతి వాడినవాడే సుఖపడ్డాడు. ఈ గొలుసులో ప్రతిసారీ కనిపించేవి సంక్లిష్ట లిపులే. రోమను లిపి ఒంటరిగా ఎవరినీ కూల్చినట్లు ఈ వరుసలో లేదు. యంత్రకారుడి బల్లమీద దినమూ పరీక్షకు నిలిచే లిపి ఏదో, నిలువనివి ఏవో దీనినిబట్టి ఊహించుకోవచ్చు.

మా ముత్తంగికి దాపుననే, పటాన్‌చెరులో, 1972లో వెలసిన ఇక్రిశాట్ ఉన్నది. అక్కడి పొలాల కథ ఒకటి ఈ సందర్భంలో చెప్పదగినది. వారి కృషితో 1991లో ఐసీపీహెచ్ 8 అనే సంకర కంది విడుదలైంది. కందిలో ప్రపంచంలోనే అది మొదటి సంకరం. దిగుబడి పరీక్షలలో నెగ్గింది. అయితే విత్తనం తయారుచేయవలసి వచ్చేసరికి, ఆడ వరుసలలో పుప్పొడి రాల్చే మొక్కలు సుమారు సగం ఉంటాయి గనుక, అవి పుప్పొడి విడువకముందే ఒక్కొక్కదానిని గుర్తించి చేతితో పీకివేయాలి. ఆ కూలి గిట్టలేదు. అందువల్ల ఆ వంగడం రైతుల పొలాలలో విస్తరించలేదు. ఆ లోపాన్ని ఆధారం చేసికొని వేరే పద్ధతిలో పరిశోధన సాగింది. పరిశోధకుడి మడిలో తేలనిది విత్తనం పండించేవాడి చేతిలో తేలుతుంది. బీటా అనే ఏర్పాటు ఉద్దేశం కూడా ఇదే. అయితే మడిలో ఏ నేల ఉన్నదో ఆ నేలకు సరిపడే ఫలితమే వస్తుంది. ఆ మడిలో తెలుగు నేల ఎంత ఉన్నది?

పాత లెక్క కొంచెం తిరగవేయాలి. ఆపిల్ సంస్థ 2000 సెప్టెంబరు 13న మ్యాక్ ఓఎస్ టెన్‌కు బహిరంగ బీటాను 29.95 డాలర్లకు అమ్మింది. అసంపూర్ణమైనదానిని డబ్బిచ్చి కొని పరీక్షించి పెట్టారు జనం! అది 2001 మేలో కాలం చెల్లి ఆగిపోయేటట్లు కట్టుదిట్టం చేశారు. అందులో తెలుగు లేదు. మ్యాకులో తెలుగు అక్షరాలు వ్యవస్థతోపాటే రావడానికి 2011లో లయన్ వచ్చేవరకు ఆగవలసివచ్చింది. అప్పుడు వచ్చిన తెలుగు సంగం ఖతిని మలిచినవాడు మలేషియాకు చెందిన తమిళుడు ముత్తు నెడుమారన్. ఆయన పేరులోని పొడి అక్షరాలే ఆ ఖతి పేరు చివర 'ఎంఎన్' అని నిలిచాయి. విండోసులో 2000 నాటి ప్రతి దేవనాగరికీ తమిళానికీ చోటిచ్చింది గాని తెలుగు 2001 అక్టోబరులో ఎక్స్‌పీతోనే వచ్చింది, గౌతమి ఖతితో. అదైనా తలుపు తట్టగానే తెరుచుకోలేదు. కంట్రోలు ప్యానెలులో సంక్లిష్ట లిపుల పెట్టెలో టిక్కు పెట్టి, ఎక్స్‌పీ సీడీ వెదికి లోపల పెడితే గాని వత్తులు తమ హల్లుల క్రిందికి దిగేవి కావు. ఆ టిక్కు ఎక్కడ పెట్టాలో కొత్తవారికి బొమ్మలతో వివరించి టపాలు వ్రాసిన మిత్రులు మనలో ఎందరో.

అంటే ఇరువది ఏళ్ళ చరిత్రలో మనం ఎప్పుడూ తయారైన వంటకం వడ్డించిన తరువాతనే విస్తరి ముందు కూర్చున్నాం. ఉప్పు చాలలేదని అప్పుడు చెప్పి ప్రయోజనం తక్కువ. బీటాకాలంలో చెప్పిన లోపానికీ విడుదల తరువాత చెప్పినదానికీ వినేవాడి చెవిలో తేడా ఉంటుంది. ఈ కారణం చేతనే, నిత్యజీవితానికి ఆధారమైన ఫోనులో కాకుండా, మూలపడిన పాత ఫోనో సంగణకమో ఉన్న తెలుగువారు ముందస్తు ప్రతులను ఎక్కించి చూడాలని నేనంటాను. బీటాతోపాటు లోపాలు తెలియజేసే ఒక చిన్న అప్లికేషను ఇస్తారు. అది ఆంగ్లంలో నాలుగు వాక్యాలు కోరుతుంది, అంతే. ఆండ్రాయిడులో లిపిని కూర్చేది హార్ఫ్‌బజ్ అనే వేరొక యంత్రాంగం, దానికి జ్ఞాకారపు జబ్బు అంటలేదు. అయినా దాని బీటాలనూ చూడవలసిందే. మా ప్రాంతపు కర్మాగారాల వాడలలో అందరి చేతులలో ఉన్నవి అధికంగా ఆ ఫోనులే.

చూడదలచినవారు మామూలు వాక్యాలు వ్రాసి తృప్తిపడరాదు. స్వాతంత్ర్యం, కార్త్స్న్యం, లక్ష్మ్యష్టకం వంటి మూడు మొదలు ఐదు హల్లుల దాకా ఉన్న సంయుక్తాలను ముందు పెట్టాలి. స్త్రై, క్షై వంటి చోట ఐత్వపు క్రింది ముక్కా వత్తూ ఒకదానినొకటి తొక్కుకోవడం లేదు గదా అని చూడాలి. అరసున్నను, బండి ఱను, 2008లో యూనికోడు 5.1తో చేరిన అవగ్రహాన్నీ దంత్య చ, జలనూ వదలకూడదు. తెలుగు అంకెలు ఒక వరుస వ్రాయాలి. ఆ తరువాత టోపీ గుర్తుతో సాఫ్ట్‌వేర్, పటాన్‌చెరు అని వ్రాసి, అదే గుర్తును కావాలని తప్పుచోట, వత్తుకూ దీర్ఘానికీ నడుమ పెట్టి, ఒక్కొక్క హల్లుతోనూ ఒక్కొక్క అచ్చుతోనూ వరుసగా పరీక్షించాలి. ముప్పదియైదు హల్లులూ పన్నెండు అచ్చు గుర్తులూ అనుకుంటే కొంత పొద్దు పడుతుంది. విశ్రాంత ఉపాధ్యాయులకు పొద్దుకేమి లోటు!